ఏ రంగు బిడ్డా

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి
కొత్తవాడలో మగ్గాలు ఆగేవి.
పండుగకు కాదు, చావుకు కాదు.
చిందం రాజలింగం ఇంట్లో
అంతరిక్షం తెరుచుకునేది.

'గగన్ చౌకీ'. పదమూడు వారాలు.
హిందీ సగమే తెలుసు మాకు,
మిగతా సగం కెప్టెన్ తారిణి కనుబొమలు చెప్పేవి.
ఖలీల్ పెంకుల మీద యాంటెనా పట్టుకుని నిలబడి
"వచ్చిందా? వచ్చిందా?" అని అరిచేవాడు.
పాపం, ఒక్క వారమూ ఓడను చూడలేదు వాడు.

నలుపు తెలుపు డబ్బాకు
మూడు రంగుల ప్లాస్టిక్ కాగితం బిగించాడు రాజలింగం.
పైన నీలం, నడుమ నారింజ, కింద పచ్చ.
అందుకని మాకు
ఏ గ్రహం మీదైనా ఆకాశం నీలమే,
ఏ గ్రహం మీదైనా గడ్డే,
ఓడ లోపల కూడా గడ్డే.
కెప్టెన్ కూర్చుంటే మొహం నారింజ,
లేచి నిలబడితే నీలం.
అది ఆమె శక్తి అనుకున్నాం.

మా బాపుకు ఆ కాగితం గిట్టలేదు.
జంపఖానాల నూలుకు రంగు ఎక్కించే మనిషి,
మోచేతుల దాకా ఏదో ఒక రంగు లేకుండా
అన్నం ముందు ఆయన్ని చూసిన గుర్తు లేదు.
"కల్తీ రంగు, ఊడబీకు రాజలింగం" అని
మూడో వారం తానే పీకేసి
కళ్లు సగం మూసి
ఆ బూడిదలోకి చూడడం మొదలుపెట్టాడు.

"గా మబ్బు కుంకుమరంగుంటది సూడు.
గోడ నీలమే, గని
ఉడుకు నీళ్లల్ల ఎక్కువసేపున్న నీలం.
రాక్షసుని మొఖమా? బూడిదే.
బూడిదకు ఇంకో రంగెక్కది."

కెప్టెన్ బట్టల దగ్గరే ఆగిపోయాడు.
ఒక ఆదివారం పసుపు అన్నాడు.
ఇంకో ఆదివారం, కాదు, పిస్తా.
సోమవారం కొప్పెరలో రంగు కలిపి
చిన్న చిలప ముంచి, ఆరబెట్టి,
మళ్లీ వారం టీవీ పక్కన ఎత్తి పట్టుకున్నాడు.
వెనకవాళ్లు తిట్టారు.
"ఏ రంగు బిడ్డా, నువ్వు జెప్పు."
నాకు తొమ్మిదేళ్లు. నీలం అన్నాను.

పదమూడో వారం కరెంటు పోయింది.

నిన్న రాత్రి, హనుమకొండలో,
పప్పు కుక్కర్‌లో పెట్టి ఫోన్ తీస్తే
ఎవరో పాత టేపులు తుడిచి పెట్టారు, పదమూడూ.
రంగుల్లోనే తీశారట అప్పుడే.

ఓడ గోడలు కోడిగుడ్ల అట్టలు.
రాడార్ తిరగేసిన స్టీలు కంచం,
అంచున అన్నం మెతుకంత సొట్ట.
తానై తెరుచుకునే తలుపు వెనక
ఒక చెయ్యి, గడియారంతో సహా.
ఉల్క వేలాడే దారం తళుక్కుమంటోంది.
నవ్వు రాలేదు.
ఇన్ని లేకుండా ఇంత దూరం ఎట్లా పోయారని
విజిళ్లు లెక్కపెట్టడం మరిచాను.

ఏడో భాగంలో, చచ్చిన గ్రహం మీద
ఆమె మోకాళ్లు ఆన్చే చోట
ఆపి, వేళ్లతో పెద్దది చేశాను.
పడుగు. పేక. అంచున కుచ్చులు.
తిరగేసి పరిచిన జంపఖానా.
బాపు అప్పుడే అన్నాడు, ఎవరూ వినలేదు.

మబ్బు కుంకుమే.
గోడ, అచ్చం, ఎక్కువసేపు ఉడికిన నీలం.
రాక్షసుడు మాత్రం చిలకపచ్చ!
ఓడిపోయావు బాపూ, అని పైకే అన్నాను,
వంటింట్లో ఒక్కదాన్నే.

ఇక కెప్టెన్.
టేపు చెమ్మ పట్టింది కాబోలు,
కిటికీ దగ్గర పసుపు,
యంత్రాల దగ్గర పిస్తా,
దగ్గరికొస్తే రెండూ కాదు.
అమ్మ పెట్టె తాళాలు ఇప్పటికీ
ఆ చిలప పోగులతోనే కట్టి ఉన్నాయి.
తెచ్చి తెర పక్కన పెట్టాను.
నలభై ఏళ్ల చేతుల జిడ్డుకు
దానికీ ఏ రంగూ లేదు.

పప్పు మాడింది.
ఫోన్‌ను నలుపు తెలుపుకు మార్చి
మొదటి భాగం నుంచి పెట్టాను.